చిన్న సబ్జెక్ట్ మీద సొంత బ్లాగ్, మధ్యలో ఆగిపోకుండా నడపడం ఎలా

నేను 2018 నుంచి ఒకే విషయం మీద బ్లాగ్ రాస్తున్నా, మద్రాసులో తెలుగు పుస్తకాలు అచ్చేసిన పాత ప్రెస్సుల గురించి. అంతే, వేరే ఏమీ రాయను. గిండీలో ఒక ఆఫీస్‌లో అకౌంట్స్ చూస్తా, ఇల్లు వేళచ్చేరిలో, శనివారం మధ్యాహ్నాలు మాత్రం దీనికి. ఈ మధ్య ఇక్కడా బెంగళూరులోనూ ఉండే మనవాళ్లు నలుగురైదుగురు అడిగారు, మేం కూడా మొదలుపెడదామనుకుంటున్నాం అక్కా, ఎలా చెయ్యాలి అని. ఒకమ్మాయికి పాత నేత చీరల మీద రాయాలని, ఇంకొకాయనకి మేడ మీద కూరగాయల మీద, ఒకావిడకి వాళ్ల అమ్మమ్మ వాళ్ల ఊరి ఊరగాయల మీద. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేకంటే అంతా ఒకచోట రాసేస్తే నయం అనిపించింది.

ముందే ఒక మాట. ఇలాంటి బ్లాగులు చదివేవాళ్లు లేక ఆగిపోవడం నేను పెద్దగా చూడలేదు. రాసేవాళ్లకి ఓపిక అయిపోయి ఆగిపోతాయి, డొమైన్ (అంటే మనం ఏడాదికింత అని కట్టి తీసుకునే సైట్ పేరు) రెన్యూ చెయ్యడం మర్చిపోయి పోతాయి, హార్డ్ డిస్క్ పోయి మళ్లీ మొదలుపెట్టే మనసు రాక పోతాయి. అందుకని ట్రాఫిక్ పెంచడం గురించి ఇందులో తక్కువే ఉంటుంది, నిలబడటం గురించి ఎక్కువ.

సబ్జెక్ట్ ఎంత చిన్నగా ఉండాలి అన్నది మొదటి చిక్కు. నేను మొదట మద్రాసు తెలుగు చరిత్ర అనుకున్నా. కాయితం తీసుకుని టాపిక్స్ రాస్తుంటే వడపళని స్టూడియోలొచ్చాయి, పొట్టి శ్రీరాములు గారు వచ్చారు, జార్జ్ టౌన్ వీధులొచ్చాయి, సత్రాలొచ్చాయి, వంద దాటిపోయింది, కానీ అందులో ఏ ఒక్కదాని మీదా బయట దొరకని ముక్క నా దగ్గర లేదు. సరే అని వావిళ్ల వారి ప్రెస్ ఒక్కటే పెట్టుకుందామని చూస్తే పన్నెండు టైటిల్స్ దగ్గర ఆగిపోయా. చివరికి మద్రాసులో తెలుగు అచ్చు అనేదాని దగ్గర కుదిరింది. 1854లో మొదలైన వావిళ్ల, 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో ఇక్కడికొచ్చి దినపత్రికైన ఆంధ్రపత్రిక, 1947 జులైలో మొదలైన చందమామ, ఇంకా పేరు కూడా ఎవరికీ గుర్తులేని చిన్న ప్రెస్సులు బోలెడు. నలభై టైటిల్స్ అలవోకగా వచ్చేశాయి.

మీరూ ఇలాగే చూసుకోండి. ఏ పుస్తకమూ ఏ ఫోనూ చూడకుండా కూర్చుని 30 టైటిల్స్ రాయండి. అందులో కనీసం పదింటికి మీ దగ్గర సొంత సరుకు ఉండాలి, అంటే మీరు వెళ్లి చూసింది, మీ చేత్తో చేసింది, ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి, ఇంట్లో ఉన్న ఒక పాత కాయితం. అది లేకపోతే ఆర్నెల్లకి మీరు కూడా ఎక్కడో చదివింది తిప్పి రాయడం మొదలుపెడతారు. మేడ తోట అంటున్న బెంగళూరు అన్నకి నేను చెప్పింది కూడా ఇదే, మేడ తోటల మీద వీడియోలు ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి, అదే బెంగళూరు 900 మీటర్ల పైన ఎత్తులో ఉంది కదా, ఆ చల్లదనంలో మన గోంగూర, మన బుడమకాయ, మన దోసకాయ ఎప్పుడు వేస్తే కాస్తాయి అనేది మీ మేడ మీద మీరే చూసి తేదీలతో సహా రాస్తే అది ఇంకెక్కడా దొరకదు.

ఇక ఎన్ని రోజులకోటి రాయాలి. ఇక్కడ నేను పెద్ద తప్పే చేశా. ప్రతి ఆదివారం ఒక పోస్ట్ అని మొదటి పేజీలోనే రాసి పెట్టా. పదకొండు వారాలు బానే నడిచింది, తర్వాత మార్చి వచ్చింది. అకౌంట్స్‌లో పనిచేసేవాళ్లకి మార్చి 31 అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఒక వారం తప్పింది, రెండు తప్పాయి, ఆ తర్వాత బ్లాగ్ ఓపెన్ చెయ్యాలంటేనే సిగ్గేసి నాలుగు నెలలు దాని మొహం చూడలేదు. పని ఎక్కువై ఆగింది రెండు వారాలే, మిగతాదంతా మాట తప్పానన్న బాధతో ఆగిందే. కాబట్టి మీ ఏడాదిలో అన్నిటికంటే రద్దీగా ఉండే నెల ఏదో చూసుకుని ఆ నెలలో ఎన్ని రాయగలరో అంతే పెట్టుకోండి. నాకు అది నెలకి ఒకటి. ఖాళీ ఉన్న నెలల్లో రెండు మూడు రాసి ఊరికే దాచుకుంటా, వెయ్యను. మొదలుపెట్టేటప్పుడు కూడా పది పోస్టులు పూర్తిగా రాసి చేతిలో పెట్టుకున్నాకే బ్లాగ్ బయటికి తీయండి, ఈ ఒక్కటి పాటిస్తే మొదటి ఏడాది గట్టెక్కినట్టే.

సరుకు ఎక్కడ దొరుకుతుంది అనేది సబ్జెక్ట్‌ని బట్టి ఉంటుంది, నావరకు ఎగ్మూర్‌లో పాంథియన్ రోడ్డు మీదున్న కన్నెమెరా లైబ్రరీ పెద్ద దిక్కు. 1896లో తెరిచారు దాన్ని. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చైన ప్రతి పుస్తకం కాపీ పంపాల్సిన నాలుగు లైబ్రరీల్లో ఇదొకటి, అందుకని పాత తెలుగు పుస్తకాల కోసం హైదరాబాద్ దాకా వెళ్లక్కర్లేకుండా చాలావరకు ఇక్కడే పని జరుగుతుంది. పాత పుస్తకాల స్కాన్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కూడా వేలల్లో ఉన్నాయి, కానీ అక్కడ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు కాబట్టి ఒక్కో పుస్తకానికి నాలుగైదు స్పెల్లింగులు వేసి వెతకాలి. దొరికిన ప్రతిదానికీ ఎక్కడ చూశా, ఏ రోజు చూశా, ఎన్నో పేజీ అనేది అప్పుడే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పుస్తకమైతే అచ్చు వివరాలున్న పేజీ ఫోటో తప్పకుండా తీసుకోండి.

ఈ నోట్‌బుక్ ఎందుకంటే, ఒకసారి ఒక చిన్న ప్రెస్ గురించి రాశాక ఒక పెద్దాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "ఏమ్మా, మా నాన్నగారు ప్రెస్ అమ్ముకున్నారని రాశావ్, అమ్ముకోలేదమ్మా, అన్నదమ్ములు పంచుకున్నారు, మిషన్ మా బాబాయికి పోయింది" అన్నారు. గొంతులో కోపం కంటే బాధ ఎక్కువుంది. నేను నోట్‌బుక్ తీసి చూస్తే ఆ ముక్క నాకు ఎవరో చెప్పిందే, కాయితం మీద చూసింది కాదు. వెంటనే మార్చి, ఏం మార్చానో ఏ తేదీన మార్చానో పోస్ట్ పైనే రాశా, కింద చివర్లో కాదు. ఆ తర్వాత ఆ పెద్దాయనే ఇంటికి పిలిచి పాత బిల్లు పుస్తకాలు రెండు చూపించారు. చిన్న సబ్జెక్ట్ అంటే మీరు రాసే మనుషులో వాళ్ల పిల్లలో చదివేవాళ్లలోనే ఉంటారు, కాబట్టి విన్నదాన్ని విన్నట్టుగా, చూసినదాన్ని చూసినట్టుగా విడివిడిగా రాయండి, తప్పు తేలితే దాచకండి.

ఇప్పుడు టెక్నికల్ విషయాలకొస్తా, ఇందులో తెలుగులో రాసేవాళ్లకే వచ్చే ఇబ్బందులు కొన్నున్నాయి, ఇంగ్లిష్ గైడ్‌లలో ఇవి దొరకవు.

పోస్ట్ లింక్ ఎప్పుడూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో (బ్లాగ్ నడిపే సాఫ్ట్‌వేర్, నాది దాని మీదే) టైటిల్ తెలుగులో కొడితే లింక్ కూడా తెలుగులోనే తయారవుతుంది, చూడ్డానికి బానే ఉంటుంది గానీ దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పర్సెంట్ గుర్తులూ అంకెలూ కలిసి నాలుగు లైన్ల చెత్తలాగా కనబడుతుంది, అది చూసి వైరస్ ఏమో అని మా పెద్దమ్మే నొక్కలేదు. పబ్లిష్ చేసే ముందే మార్చుకోవాలి.

మన వత్తులు, గుడులు పైకీ కిందకీ వెళ్తాయి కదా, ఇంగ్లిష్ కోసం చేసిన థీమ్‌లలో లైన్లు మరీ దగ్గరగా ఉండి వత్తులు కింది లైన్ మీద పడతాయి. లైన్ హైట్ 1.7 దాకా పెంచండి, అక్షరాల మధ్య ఖాళీ పెంచే సెట్టింగ్ ఉంటే సున్నా చెయ్యండి, ఇటాలిక్ వాడకండి. ఫాంట్‌కి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ సరిపోతుంది, రెండూ ఉచితమే. ఎవరైనా డీటీపీ చేసిన పాత ఫైల్ ఇస్తే అది చాలావరకు అను అనే పాత రకం ఫాంట్‌లో ఉంటుంది, ఇప్పుడు ఫోన్లలో, సైట్లలో వాడే యూనికోడ్ కాదు, అలాగే తెచ్చి పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ప్రతి లైనూ చదవాల్సిందే, వత్తుల దగ్గర తప్పులు పడతాయి.

స్పెల్లింగ్ ఇంకో గొడవ. మద్రాసు, మద్రాస్, మదరాసు, చెన్నపట్నం, చెన్నపురి, చెన్నై, ఇవన్నీ ఒకటే ఊరని మనకి తెలుసు, సెర్చ్‌కి అంత బాగా తెలీదు. ఒక రూపం ఎంచుకుని టైటిల్‌లో పెట్టి, మిగతావి పోస్ట్‌లో ఎక్కడో ఒకచోట సహజంగా వచ్చేలా రాయండి. గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగానే వస్తుంది, పెట్టుకుంటే జనం ఏం కొట్టి మన దగ్గరికొస్తున్నారో కనబడుతుంది. నాకైతే సగం మంది తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వస్తున్నారు. అందుకే ప్రతి పోస్ట్‌కి ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక రెండు లైన్ల వివరణ కూడా పెడుతున్నా.

డొమైన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దాదాపు పోగొట్టుకున్నా. నాది బయటి దేశం కంపెనీ దగ్గర కొన్న డొమైన్, ఆటో రెన్యూవల్ పెట్టేసి మర్చిపోయా. 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్బీఐ కొత్త రూల్ వచ్చింది, కార్డు మీద ప్రతిసారీ దానంతటదే కట్ అయ్యే పేమెంట్లకి ముందుగా మన అనుమతి రిజిస్టర్ అయి ఉండాలి అని, అప్పుడు చాలామందికి బయటి కంపెనీల ఆటో పేమెంట్లు ఫెయిలయ్యాయి, నాదీ ఫెయిలైంది. మెయిల్స్ పంపారు, నేను ఆఫీస్ పని వల్ల ఆ మెయిల్ ఐడీ చూడనేలేదు. గడువు దాటిన పంతొమ్మిదో రోజు ఎవరో చదివే ఆయన మెసేజ్ పెట్టారు, మీ సైట్ రావట్లేదు అమ్మా అని. గడువయ్యాక కొన్ని రోజులు పాత రేటుకే ఇస్తారు, అది కూడా దాటితే చాలా పెద్ద ఫీజు అడుగుతారు, ఇంకా దాటితే వేరేవాళ్లు కొనేసుకోవచ్చు. అదృష్టం, మొదటి దశలోనే పట్టుకున్నా. ఇప్పుడు ఒకేసారి ఐదేళ్లకి కట్టేశా, రోజూ చూసే మెయిల్ ఐడీకి మార్చా, ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందు గుర్తు పెట్టుకున్నా. మొదటి ఏడాది రేటు చూసి కొనకండి, రెన్యూవల్ రేటు ఎంతో చూసి కొనండి, రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

సొంత డొమైన్ అవసరమా, ఫేస్‌బుక్ పేజీ చాలదా అని అడుగుతారు. ఇంకొకళ్ల సైట్ మీద పెట్టింది వాళ్లు మూస్తే పోతుంది. జనం సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్‌ని 2009లో మూసేశారు, గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న, గూగుల్ ప్లస్‌ని 2019లో, యాహూ గ్రూప్స్‌ని 2020 డిసెంబర్‌లో. ఆ యాహూ గ్రూపుల్లో తెలుగు సాహిత్యం మీద జరిగిన చర్చలు ఎన్ని పోయాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఫేస్‌బుక్‌లో పెట్టండి, వద్దనను, కానీ అసలు పోస్ట్ మీ డొమైన్ మీద ఉండాలి, అక్కడ నాలుగు లైన్లూ లింకూ చాలు. డబ్బు పెట్టలేకపోతే గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఉచితంగా మొదలుపెట్టి దానికే సొంత డొమైన్ తగిలించుకోవచ్చు, అప్పుడు ఖర్చు డొమైన్ ఒక్కటే, రేపు వేరే చోటికి మారినా అడ్రస్ మారదు.

బ్యాకప్. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు వేళచ్చేరి ఎలా మునిగిందో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. మాది గ్రౌండ్ ఫ్లోర్. రాత్రి నీళ్లు లోపలికొస్తుంటే మా ఆయన, నేను అత్తయ్యగారి మందులు, గ్యాస్ సిలిండర్, సర్టిఫికెట్లు పైకి మోసుకెళ్లాం. కింది అరలో ఉన్న హార్డ్ డిస్క్ ఇద్దరికీ గుర్తురాలేదు. ఐదేళ్ల ఫోటోలు, కన్నెమెరాలో తీసుకున్న పేజీలు, రెండు ఇంటర్వ్యూల ఆడియో. ఆ ఇంటర్వ్యూల్లో ఒకాయన కంపోజిటర్, చేత్తో అక్షరాలు పేర్చినాయన, అప్పటికే కాలం చేశారు. ఆయన గొంతు మళ్లీ దొరకదు.

కాబట్టి దయచేసి మూడు చోట్ల పెట్టండి. ఒకటి ఇంట్లో, ఒకటి క్లౌడ్‌లో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న ఇంట్లో. నా మూడో కాపీ నెల్లూరులో మా తమ్ముడి బీరువాలో ఉంది, సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా మారుస్తా. వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ అని నొక్కితే ఒక ఫైల్ వస్తుంది, అందులో రాసిందంతా ఉంటుంది గానీ ఫోటోలుండవు, వాటి అడ్రస్‌లే ఉంటాయి. ఇది చాలామందికి సైట్ పోయాకే తెలుస్తుంది, ఫోటోల ఫోల్డర్ విడిగా దించుకోవాలి.

చదివేవాళ్లు ఎలా వస్తారు అంటే, ఒకప్పుడు కూడలి అనే సైట్ లాంటి చోట్ల కొత్త తెలుగు పోస్టులన్నీ ఒకేచోట కనబడేవి, రాసినవాళ్లూ చదివేవాళ్లూ ఒకళ్లకొకళ్లు తెలిసేవాళ్లు. ఇప్పుడు గూగుల్ మీద ఆధారపడితే, 2023 సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత చాలా చిన్న సైట్లకి ఒక్కసారిగా జనం తగ్గిపోయారు, 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా సెర్చ్‌లో పైనే ఏఐ జవాబు ఇచ్చేస్తోంది, చాలామంది అది చదివి వెళ్లిపోతున్నారు. దీన్ని మనం ఆపలేం. చేయగలిగింది ఒకటే, వచ్చిన మనిషి మళ్లీ గూగుల్ ద్వారా రావక్కర్లేకుండా చేసుకోవడం. నేను ప్రతి పోస్ట్ కింద మెయిల్ ఐడీ ఇవ్వమని ఒక లైన్ పెట్టా, ఇప్పటికి 412 మంది ఉన్నారు, నెలకొక మెయిల్ వెళ్తుంది. వాట్సాప్ గ్రూప్ వద్దు, అందులో ఒకళ్ల నంబర్ అందరికీ కనబడుతుంది, రెండో రోజు నుంచి గుడ్ మార్నింగ్‌లు మొదలవుతాయి. వాట్సాప్ చానెల్ అయితే ఆ ఇబ్బంది లేదు. ఆ 412 మందిలో కనీసం అరవై మంది ఎప్పుడో ఒకప్పుడు జవాబు రాశారు, నా సగం పోస్టులు ఆ జవాబుల్లోంచే పుట్టాయి.

దొంగతనం జరుగుతుంది, సిద్ధంగా ఉండండి. నా పోస్ట్ ఒకటి మొత్తం చదివి వెనక వీణ మ్యూజిక్ పెట్టి యూట్యూబ్‌లో వేశారు, నా పేరు లేదు, నేను తీసిన ఫోటోలు కూడా ఉన్నాయి. మొదట మర్యాదగా కామెంట్ పెట్టా, ఆ కామెంట్ తీసేశారు. అప్పుడు యూట్యూబ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపా, నా పోస్ట్ లింక్, తేదీ, వీడియోలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా అని వివరంగా. వీడియో పోయింది. అవతలివాళ్లు ఎదురు నోటీస్ వేస్తే మాత్రం పది పనిదినాల్లో మనం కోర్టుకి వెళ్లినట్టు ఆధారం చూపాలి, లేకపోతే వీడియో మళ్లీ వచ్చేస్తుంది, అందుకని ప్రతి చిన్నదానికీ వెయ్యకండి, మొత్తం ఎత్తేసినవాటికే వెయ్యండి.

అలాగే మనమూ ఇంకొకళ్లది ఎత్తకూడదు. మన చట్టంలో రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. బాపు గారు 2014లో పోయారు, ఆయన బొమ్మలు పాతవైనా సరే 2074 దాకా హక్కుల్లోనే ఉంటాయి, అయినా పాత పుస్తకంలోది కదా అని అందరూ పెట్టేస్తుంటారు. అనుమానం ఉన్న బొమ్మని నేను పెట్టను, ఎలా ఉందో మాటల్లో రాస్తా.

డబ్బు గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. గూగుల్ ప్రకటనలు వేసే యాడ్‌సెన్స్ పెట్టుకోవచ్చు, తెలుగుని కూడా తీసుకుంటుంది, పది డాలర్లు దాటితే ఇంటికి పోస్ట్‌లో పిన్ వస్తుంది, వంద డాలర్లు చేరితేనే బ్యాంకులో పడతాయి. నాకు ఆ మొదటి వంద చేరడానికి రెండేళ్ల పైన పట్టింది, పైగా ఆ యాడ్స్ పాత పేజీల ఫోటోల మధ్యలో పడి చదవనివ్వట్లేదని తీసేశా. ఇప్పుడు ఏడాదికోసారి, డొమైన్, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉంచే చోటి అద్దె) ఖర్చు ఇంతైంది అని లెక్క పెట్టి యూపీఐ క్యూఆర్ ఇస్తా, రెండు వారాల్లో వచ్చేస్తుంది, రాగానే క్యూఆర్ తీసేస్తా. దానికి రోజూ వాడే ఫోన్ నంబర్‌తో ఉన్న యూపీఐ ఐడీ పెట్టకండి, ముఖ్యంగా ఆడవాళ్లు, నంబర్ కనబడని ఐడీ విడిగా చేసుకోండి. ఉద్యోగం మానేసి దీని మీద బతుకుదామనుకునేవాళ్లకి నా దగ్గర సలహా లేదు.

చివరగా, ఎప్పుడో ఒకప్పుడు మీరు ఆపాల్సి రావచ్చు. దానికి కూడా ముందే ఏర్పాటు చేసుకోండి. ప్రతి పోస్ట్ వేసిన రోజే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ పేజ్ నౌ అని ఉంటుంది, లింక్ అక్కడ ఇచ్చి ఒక నొక్కు నొక్కండి, సైట్ పోయినా ఆ పేజీ అక్కడ ఉంటుంది. డొమైన్ ఎక్కడ కొన్నారు, హోస్టింగ్ ఎక్కడ, పాస్‌వర్డ్‌లు ఏంటి అన్నీ కాయితం మీద రాసి ఇంకొకళ్లకి ఇవ్వండి. నాది ఒక కవర్లో పెట్టి అంటించి, హార్డ్ డిస్క్ కాపీతో పాటే నెల్లూరులో మా తమ్ముడి బీరువాలో పెట్టా. పోయిన సంక్రాంతికి పాస్‌వర్డ్ ఒకటి మారిందని కవర్ చింపి కొత్తది రాస్తుంటే వాడి కూతురు పక్కన కూర్చుని, అత్తా, ఇది నాకిస్తావా, నేను చూసుకుంటా అంది. దానికి పదమూడేళ్లు, తెలుగు టైపింగ్ నాకంటే స్పీడుగా చేస్తుంది. కవర్ మీద దాని పేరు కూడా రాశా.